పదిహేడో శతాబ్దం బస్సు

పదిహేడో శతాబ్దానికి వెళ్లే బస్సు విశ్వవిద్యాలయం రెండో గేటు దగ్గర ఉదయం తొమ్మిదీ పదికి బయలుదేరి, సాయంత్రం అయిదింటికల్లా తిరిగి వచ్చేది. మధ్యయుగ సాహిత్య శాఖలో ఎం.ఏ. చదివేవాళ్లు వారానికి ఒకసారి, పరిశోధన చేసేవాళ్లు వారానికి నాలుగుసార్లు అందులో వెళ్లి రావాలని నియమం. పాస్ మీద ఫొటో, శాఖ ముద్ర, చేరవలసిన శతాబ్దం ఉండేవి. శతాబ్దాన్ని కొట్టేసి పక్కన వేరేది రాసుకుంటే ఆ పాస్ చెల్లదు. ఎవరి శతాబ్దంలో వాళ్లు రెండువందల నలభై రోజుల హాజరు పూర్తి చేయనిదే సిద్ధాంత గ్రంథం తీసుకునేవారు కాదు.

ఒకప్పుడు మూడు బస్సులుండేవి. పన్నెండో శతాబ్దం బస్సు దాని ఆచార్యుడు రిటైరైన రోజున ఆగిపోయింది. ఆ పోస్టు భర్తీ కాలేదు కనక, పన్నెండో శతాబ్దం గురించి అప్పట్నుంచీ ఎవరికీ కొత్తగా ఏమీ తెలియలేదు. పధ్నాలుగో శతాబ్దం బస్సుకు టైర్లు మంజూరు కాలేదు. మిగిలింది ఇదొక్కటే. దాన్ని ఓబులేసు అనే డ్రైవరు పంతొమ్మిదేళ్లుగా నడుపుతున్నాడు.

బత్తెన స్వర్ణముఖిది నాయుడుపేట. ముప్పై ఒకటో ఏడు నడుస్తోంది. పరిశోధనలో ఆరో ఏడు, అంటే ఇక పొడిగింపు లేని ఏడు. ఆమె అంశం వెలగకోట అనే చిన్న పాలెగాడి కోటలో తాటాకుల మీద కావ్యాలు ఎత్తి రాసిన లేఖకులు. అంశాన్ని ఆమె ఎంచుకోలేదు. ఆ ఏడు ఖాళీగా ఉన్నది అదొక్కటే.

ఊరు దాటగానే రోడ్డు మీద పల్చటి మంచు పరుచుకునేది, నడి ఎండాకాలంలో కూడా. ముందు సెల్‌ఫోన్ టవర్లు పోయేవి. తర్వాత కరెంటు స్తంభాలు ఒకటొకటిగా పల్చబడి, పొగలా చెదిరిపోయేవి. ఆ తర్వాత తారు పోయేది. మట్టిబాట మీద చక్రాలు చప్పుడు లేకుండా దొర్లుతుంటే బస్సు నడుస్తోందో, కింద నేలే వెనక్కి జరుగుతోందో తెలిసేది కాదు. రెండు పక్కలా పొలాల్లో మనుషులు వంగి పని చేస్తుండేవాళ్లు. అన్ని శతాబ్దాల్లోనూ వాళ్లు ఒకేలా వంగి ఉండటం స్వర్ణ గమనించి, మొదటి అధ్యాయంలో రాసింది. గైడు దాన్ని అప్రస్తుతమని కొట్టేశారు.

"కిటికీలు ఏసుకోండమ్మా, పద్దెనిమిదో శతాబ్దం వస్తాంది. దండ్లు తిరగతా ఉంటాయి," అని ఓబులేసు రోజూ ఒకే చోట హెచ్చరించేవాడు. అద్దాలు దించుకునేవాళ్లు. బయట దుమ్ము, గుర్రాల డెక్కల చప్పుడు కాసేపు. మళ్లీ నిశ్శబ్దం. వెలగకోట పడమటి వాకిట బస్సు ఆగేది. కోటవాళ్లు దాన్ని చూసి ఆశ్చర్యపోయే కాలం ఎప్పుడో దాటిపోయింది. దాని నీడలో గొర్రెలు పడుకునేవి. వాకిటి కావలివాడు హాజరు కాగితం మీద నిశానీ గీసి ఇచ్చేవాడు.

అక్కడ ఆరో ఏడు స్వర్ణకు చూపించిన లేఖకుడు తిరుమలయ్య. చక్కటి దస్తూరి గలవాడని కోటంతా పేరు. ఆయన అరుగు మీద కూర్చుని, ఒళ్లో తాటాకు పెట్టుకుని, ఎవరైనా వస్తే ఘంటం చేతిలోకి తీసుకునేవాడు. మూడోసారి వెళ్లినప్పుడు స్వర్ణ చెప్పకుండా పెరటి వైపు నుంచి వెళ్లింది. చావడిలో ఆయన భార్య చెంగమ్మ మోకాలి మీద ఆకు ఆనించుకుని గబగబా గీస్తోంది. ఆయన గోడకు ఆనుకుని, ఎటూ చూడకుండా చూస్తున్నాడు. కళ్లమీద పాలపొర కమ్మి ఉంది.

"రాసేది నువ్వా అక్కా?" అంది స్వర్ణ.

చెంగమ్మ తత్తరపడలేదు. గీస్తున్న అక్షరం పూర్తిచేసి తలెత్తింది. నలభై దాటిన మనిషి, వేళ్ల కొసలు ఆకులకు పూసే మసితో నల్లగా ఉన్నాయి. "ఆయనకు చూపు పొయ్యి ఏడేండ్లాయె పాపా. కోటలో ఎవురికీ చెప్పలా. చెబితే పని పోతాది."

"మరి ప్రతి కట్ట చివరా 'తిరుమలయ్య వ్రాలు' అని ఉంటుందే?"

"వ్రాలు ఆయనవే. చెయ్యి నాది."

ఆమె మాట స్వర్ణ నాయనమ్మ మాటలాగే ఉంది. శాఖలో ఆరేళ్లుగా బోధిస్తున్న పదిహేడో శతాబ్దపు భాషను చెంగమ్మ ఒక్కనాడూ మాట్లాడలేదు.

పరిచయం పెరిగాక చెంగమ్మ అటక మీంచి మరో కట్ట దించింది. ఇది ఎవరిదో ఎత్తి రాసింది కాదు. పగలు కోట పని చేసి, మిగిలిన ఆకుల మీద ఆమె సొంతంగా కట్టుకున్న ద్విపద. వాన లేని ఏడు ఒక మబ్బు, మందలోంచి దూడ తప్పిపోయినట్టు, తప్పిపోతుంది. ఒక ఆడమనిషి దాన్ని వెతుక్కుంటూ ఊరూరా తిరిగి అడుగుతుంది. చెంగమ్మ దాన్ని మబ్బు పాట అనేది. శాఖ రికార్డుల్లో తర్వాత అది 'మేఘాన్వేషణము' అయింది. చెంగమ్మ ఆకు చూడకుండానే, కళ్లు మూసుకుని మెల్లగా చదివింది.

మబ్బును వెదకుచు మగువ వోయెడిని
నిబ్బరమగు గుండె నీడయై నడువ

పక్కన తిరుమలయ్య పెదవులు కదుపుతూ లోలోపల అనుకుంటున్నాడు. ఆయనకు అంతా నోటికి వచ్చు. నాలుగు ఆశ్వాసాలు పూర్తయ్యాయి. అయిదోది మిగిలి ఉంది.

"అయిదోదాంట్లో ఏముంది?" అని అడిగింది స్వర్ణ.

"మబ్బు దొరకతాది. దొరికినాక ఆయమ్మి దాంతో ఏమంటాదో నాకింకా తెలియలా. తెలిసినప్పుడు రాస్తా."

కట్ట మూసేటప్పుడు చెంగమ్మ, ముఖం పక్కకు తిప్పుకుని, ఒక మాట అడిగింది. "మీ కాలంలో దీన్ని ఎవురైనా చదివితే, చెంగమ్మ కట్టిందని అంటారా పాపా? ఒక్కసారి, పదిమంది ఉండే చోట?"

"అంటారక్కా. నేను అనిపిస్తా," అంది స్వర్ణ. ఆ రోజు తిరుగు ప్రయాణంలో ఆమె నిద్రపోలేదు. కిటికీ బయట స్తంభాలు ఒకటొకటిగా గట్టిపడి రోడ్డు పక్కకు వచ్చి నిలబడుతుంటే, ఆరేళ్లలో మొదటిసారి తన చదువుకు ఒక అర్థం ఉన్నట్టు అనిపించింది.

గైడు ఆచార్య శేషశాయి నెమ్మదస్తుడు. ఎవరినీ గట్టిగా ఒక మాట అనేవారు కాదు. ఆయన అధ్యాయమంతా చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"బాగుందమ్మా స్వర్ణా. కానీ ఆధారం ఏది?"

"చెంగమ్మే చెప్పింది సార్. నా ఎదురుగా రాస్తోంది."

"ఎక్కడ చెప్పింది?"

"వాళ్లింటి అరుగు మీద సార్."

"అరుగుకు ప్రచురణకర్త ఎవరు? ఏ సంవత్సరం ముద్రణ? పేజీ నంబరు ఉందా?" ఆయన వెటకారం చేయడం లేదు. ఫారంలో ఆ గడులున్నాయి. "ఆమె ఉందని నేను నమ్ముతాను. నేను నమ్మితే చాలదు కదా. ఆమె గురించి ఇంకెవరైనా రాసి ఉండాలి."

స్వర్ణ నాలుగు ఆశ్వాసాలనూ ఎత్తి రాసి, గ్రంథచౌర్యం పట్టే సాఫ్ట్‌వేర్‌కు పంపింది. ఈ రచనకు లోకంలో దేనితోనూ పోలిక లేదని, సున్నా శాతమని నివేదిక వచ్చింది. సున్నా శాతం వచ్చిన ఫైలు విశ్వవిద్యాలయ చరిత్రలో లేదు. కాబట్టి ఫైలు పాడైందని నిర్ణయించి తిప్పి పంపారు. ఆమె మళ్లీ పంపింది. మళ్లీ వచ్చింది. మూడోసారి పరిశోధన విభాగం ఒక దారి చూపించింది. లిఖిత ఆధారం లేని పక్షంలో ఆధారమైన వ్యక్తిని మౌఖిక పరీక్ష నాడు స్వయంగా హాజరుపరచవచ్చు. అలాంటి నియమం ఉందని శేషశాయి గారికి కూడా అప్పుడే తెలిసింది.

చెంగమ్మ ఒక రోజంతా ఆలోచించింది. తర్వాత తిరుమలయ్యను అడిగింది. ఆయన చాలాసేపు వేళ్లతో చాప అంచు తడుముతూ కూర్చున్నాడు.

"నీ పేరు చెప్పుకోను పోతాండావు. పొమ్మనక ఏమంటా," అన్నాడు చివరికి. తర్వాత స్వర్ణ ఉన్న దిక్కుకు కొంచెం తప్పిన దిక్కుకు తిరిగి, "పొద్దుగూకే లోపల తోలకరా పాపా. ఆమె పక్కన లేకుంటే నాకు పగలో రేయో తెలియదు," అన్నాడు.

మౌఖిక పరీక్ష శుక్రవారం. ముందు రోజే స్వర్ణ ప్రత్యేక అనుమతితో వెలగకోటలో ఉండిపోయి, పరీక్ష కోసం పొద్దున్నే ఖాళీగా వచ్చిన బస్సులో చెంగమ్మను ఎక్కించుకుంది. చెంగమ్మ పెట్టెలోని చీర కట్టుకుని, గుడ్డలో సద్దిమూట చుట్టుకుంది. మబ్బు పాట కట్టను మాత్రం తేలేదు. అది భర్త ఒళ్లో పెట్టి వచ్చింది. నోటికి వచ్చినదాన్ని మోసుకుపోవడమేమిటికని. బస్సు కదిలాక కిటికీకి ముఖం ఆనించి పొలాలను చూస్తూ, "ఈళ్లంతా ఎవురి కాలమోళ్లు?" అని అడిగింది.

"అందరి కాలమోళ్లూనమ్మా," అన్నాడు ఓబులేసు గేరు మారుస్తూ. "ఈళ్లకు పాస్ అక్కర్లేదు."

తారు కనిపించినప్పుడు చెంగమ్మ భయపడలేదు. నల్లటి ఆకు మీద ఎవరో తెల్లగీత గీసుకుంటూ పోయారనుకుంది. ఇంత పొడుగున గీసి ఒక్క అక్షరమూ రాయలేదేమని మాత్రం అడిగింది.

రెండో గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి ఆమెను గుర్తింపు కార్డు అడిగి, లేదంటే ఒక ఫారం ఇచ్చి, పుట్టిన తేదీ గడిలో కంప్యూటరు ఆ సంవత్సరాన్ని తీసుకోక, ఒకటి జనవరి పంతొమ్మిదివందల డెబ్భై అని వేశాడు. అప్పుడు పది నలభై అయింది. స్వర్ణ ఫోనుకు సిగ్నల్ వచ్చి, పరిశోధక విద్యార్థుల గ్రూపులో తొంభై నాలుగు సందేశాలు ఒక్కసారిగా పడ్డాయి. ఎవరిదో పుట్టినరోజు. శుభాకాంక్షలకూ కేకు బొమ్మలకూ మధ్య ఒక ఉత్తర్వు ఉంది. ప్రయాణికుల ఆదరణ కరువైనందున పదిహేడో శతాబ్దపు బస్సును ఈ రోజు మధ్యాహ్నం నుంచి రద్దు చేశారు.

స్వర్ణ దాన్ని చదివింది. చదవలేదని తర్వాత ఎప్పుడూ అనలేదు. విశ్వవిద్యాలయంలో 'ఈ రోజు నుంచి' అంటే ఆరు నెలలకో, ఏడాదికో అని ఆరేళ్లలో ఆమెకు అలవాటైపోయింది. హాస్టల్ భోజనం బాగుచేస్తామన్నదీ 'ఈ రోజు నుంచే'. ఆమె ఫోను సంచిలో వేసుకుని, చెంగమ్మ చెయ్యి పట్టుకుని మెట్లెక్కింది.

పరీక్ష పదకొండింటికి మొదలైంది. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు ఆచార్య మార్కండేయులు పెద్దమనిషి. చెంగమ్మ గదిలోకి రాగానే లేచి నమస్కరించి, కుర్చీ చూపించారు. ఆమె కింద కూర్చోబోతే వద్దని వారించారు.

"అమ్మా, మీరు పద్యం చదువుతారా?"

చెంగమ్మ చదివింది. ఫ్యాన్ చప్పుడుకు తడబడి మొదట ఆగి, తర్వాత ఆ చప్పుడును కూడా దరువులో కలుపుకుంది. మొదటి ఆశ్వాసం సగానికి వచ్చేసరికి గదిలో ఎవరూ కాగితాలు తిరగేయడం లేదు. కిటికీ అవతల సైకిల్ స్టాండు, దాని పైన ఎండ, అంతా ఆమె గొంతులో నెమ్మదిగా ఊగుతున్నట్టుంది. శేషశాయి గారు కళ్లు తుడుచుకున్నారు. ఈసారి కళ్లజోడు తీసింది దాన్ని తుడవడం కోసం కాదు.

మార్కండేయులు గారు కలం కింద పెట్టారు. తర్వాత, "అద్భుతంగా ఉందమ్మా," అన్నారు నిజాయితీగా. "ఇది ద్విపద అంటున్నారు. పాదానికి ఎన్ని ఇంద్రగణాలు, ఎన్ని సూర్యగణాలు?"

"నాకు తెలియదు సామీ. నోటికి అడ్డం పడకుంటే సరి."

ఆయన రాసుకున్నారు. "వెలగకోటలో ఆ కాలంలో స్త్రీలెవరూ రచనలు చేయలేదని నేను ముప్పై ఏళ్ల కిందట ఒక వ్యాసం రాశాను. దాన్ని ఇరవై మూడు చోట్ల ఉదహరించారు. మిమ్మల్ని ఎవరైనా ఉదహరించారా?"

చెంగమ్మకు ఆ మాట అర్థం కాక స్వర్ణ వైపు చూసింది. స్వర్ణ లేచి నిలబడింది.

"సార్, ఆమె ఇక్కడే కూర్చుని ఉంది. మీరు విన్నారు."

"విన్నానమ్మా. ఈ అమ్మ ఉన్నారన్నదాన్ని మేమెవ్వరం కాదనడం లేదు." ఆయన గొంతులో జాలి కూడా ఉంది. "ఉండటం వేరు, ఆధారపడటానికి వీలుగా ఉండటం వేరు. ఈవిడ గుర్తింపు పత్రం ప్రకారం పంతొమ్మిదివందల డెబ్భైలో పుట్టారు. పదిహేడో శతాబ్దపు కావ్యం ఎలా రాస్తారు? నేను పత్రం కాదని మిమ్మల్ని నమ్మితే, రేపు నన్ను ఎవరు నమ్ముతారు?"

పట్టా ఇవ్వడానికి మాత్రం ఎవరికీ అభ్యంతరం లేదు. కృషి బాగుంది. చిన్న సవరణ చాలన్నారు. చెంగమ్మ పేరున్న నూట పన్నెండు చోట్లా 'అజ్ఞాత కవి' అని మార్చాలి. స్వర్ణ కాగితాల వైపు చూసింది, శేషశాయి గారి వైపు చూసింది. ఆయన తల చాలా కొద్దిగా ఊపారు. పొడిగింపు లేదు. హాస్టల్ గది నెలాఖరుకు ఖాళీ చేయాలి. చెంగమ్మ చెయ్యి ఆమె చేతి మీదే ఉంది.

"సరే సార్," అంది స్వర్ణ.

అందరూ చప్పట్లు కొట్టారు. తన కోసమేననుకుని చెంగమ్మ లేచి దణ్ణం పెట్టింది.

వాళ్లు రెండో గేటుకు వచ్చేసరికి రెండున్నర. బస్సు ఉంది. దాని నుదుటి మీద బోర్డును ఓబులేసు గుడ్డతో తుడిచేస్తున్నాడు. శతాబ్దం సగం చెరిగింది. కిందనుంచి 'రైల్వే స్టేషన్' అన్న అక్షరాలు తేలుతున్నాయి.

"ఓబులేసన్నా, ఒక్క ట్రిప్పు. ఈమెను దించేసి వద్దాం."

"డీజిల్ కాగితం మీద శతాబ్దం కొట్టేసినారమ్మా," అన్నాడు ఓబులేసు. ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు. "పోదామన్నా దోవ రాదు. ఇందాక ఆ మలుపు కాడికి పోయి చూసొచ్చినా. మంచు ల్యా. రోడ్డు నేరుగా నెల్లూరికి పోతాంది."

అయినా ట్యాంకులో మిగిలిన డీజిల్‌తో ముగ్గురూ వెళ్లారు. ఎండ ఫెళ్లున కాస్తోంది. కరెంటు స్తంభాలు ఒక్కటీ పల్చబడలేదు. నలభై కిలోమీటర్లు పోయాక టోల్ గేటు వచ్చింది. చెంగమ్మ దారిపొడుగునా కిటికీలోంచి వెనక్కే చూసింది. సూర్యుడు దిగుతుంటే సద్దిమూట ఒళ్లో పెట్టుకుని, "పొద్దుగూకింది పాపా," అని మాత్రం అంది.

స్వర్ణ ప్రత్యేక ట్రిప్పు కోసం దరఖాస్తు పెట్టింది. కనీసం ఇరవై అయిదుమంది ప్రయాణికులు, వారందరికీ విద్యా ప్రయోజనం ఉండాలని జవాబు వచ్చింది. ఆమె శాఖ శాఖకూ తిరిగింది. పంతొమ్మిదిమంది దొరికారు. అందులో ఎనిమిదిమంది ఇంజినీరింగ్ పిల్లలు, కోట దగ్గర ఫొటోలు దిగడానికి. వారిని తీసేశారు. మరుసటి నెల పరిశోధకుల్లో ఇద్దరు చదువు మానేశారు. ఒకతను పద్దెనిమిదో శతాబ్దం చాలనుకుని శాఖ మారాడు. ఫైలు పదకొండు నెలలు తిరిగి, 'ప్రయోజనం లేనిది' అన్న ముద్రతో మూతపడింది. దాన్ని మూసినవాళ్లలో ఒక్కరు కూడా చెడ్డవాళ్లు కాదు. ఒకావిడ స్వర్ణకు టీ ఇప్పించింది కూడా.

చెంగమ్మ మొదటి నాలుగు రోజులు స్వర్ణ గదిలో గోడకు తిరిగి పడుకుంది. అయిదో రోజు లేచి తల దువ్వుకుని, పని ఏదైనా చూడమంది. తాళపత్ర గ్రంథాలయంలో నాలుగువేల కట్టలు జాబితాకెక్కక పడి ఉన్నాయి. వాటిని చదవగలిగినవాళ్లు లేరు. శేషశాయి గారు మాట సాయం చేసి, ఏజెన్సీ ద్వారా ఆమెను డేటా ఎంట్రీ పనికి తీసుకున్నారు. తొమ్మిది రోజుల్లో టైపింగ్ నేర్చుకుంది. వేళ్ల మసి పోయింది. మధ్యాహ్నం గిన్నె విప్పుకుని ఊడ్చే ఆడవాళ్లతో కలిసి తినేది. ఈ కాలంలో అన్నిటికంటే ఫ్యాను బాగుందనేది.

స్వర్ణకు పట్టా వచ్చింది. అదే శాఖలో అతిథి అధ్యాపకురాలిగా చేరింది. ఆరు నెలలకోసారి కొనసాగింపు ఉత్తర్వు రావాలి. ఒకసారి చెంగమ్మను, "అయిదో ఆశ్వాసం ఇక్కడే రాయొచ్చు కదక్కా," అని అడిగింది.

చెంగమ్మ పక్క బల్ల మీది ఫోను చూపించింది. అందులో రాష్ట్రం పటం మీద మబ్బు తెల్లగా కదులుతోంది. ఎన్ని గంటలకు ఏ మండలం మీదికి వస్తుందో కింద రాసి ఉంది. "ఈడ మబ్బు యాడుండేదీ అందురికీ తెలుసు పాపా. వెతికే ఆయమ్మిని ఎవురు నమ్ముతారు?" అంది. పైగా ఇప్పుడు ఏం రాసినా అది ఇరవై ఒకటో శతాబ్దపు సాహిత్యం కిందికి వస్తుందని, అది వేరే శాఖ పరిధి అని గ్రంథాలయం వాళ్లు ఆమెకు ముందే చెప్పి ఉంచారు.

మరుసటి శ్రావణంలో, రెండువేల నూటచిల్లర కట్టలు పూర్తయ్యాక, చెంగమ్మ ఒక మధ్యాహ్నం తరగతి గదికి వచ్చి స్వర్ణను పిలుచుకుపోయింది. బల్ల మీద ఒక కట్ట విప్పి ఉంది. ఆకులు గోధుమరంగు తిరిగి, అంచులు పురుగు కొట్టి, ముట్టుకుంటే పొడి రాలేలా ఉన్నాయి. మొదటి ఆకు మీది వరస చూడగానే స్వర్ణ గుర్తుపట్టింది. మబ్బు పాట. నాలుగు ఆశ్వాసాలూ ఉన్నాయి.

నాలుగో ఆశ్వాసం ముగిసిన చోట మరో రెండు పంక్తులున్నాయి. అవి ఆ చేతివి కావు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, వరస తప్పి, ఆకు అంచు దాటి పోయాయి. ఒకచోట ఘంటం ఆకును చీల్చేసింది. స్వర్ణ అద్దం పెట్టి చూసినా గీతలే తప్ప అక్షరం కనిపించలేదు.

"ఏముందక్కా ఇక్కడ?"

చెంగమ్మ ఆకు మీద వేలు పెట్టి, ముట్టీ ముట్టకుండా నడిపించింది. "ఇంతవరకే ఉన్నది. తక్కినది ఆమె వచ్చి వ్రాయును," అని చదివింది. "ఏడేండ్లు ఒక్క అచ్చరం గీసినోడు కాదు. చీకట్లో ఎట్ల రాసినాడో ఏమో."

ఫ్యాను గాలికి ఆకు పొడి కొంచెం లేచి బల్ల మీద వాలింది. చెంగమ్మ పొడిని చీర చెంగుతో అద్ది తీసుకుని, కుర్చీ ముందుకు జరుపుకుని, కంప్యూటరులో కొత్త ఎంట్రీ తెరిచింది. పేరు, 'మేఘాన్వేషణము'. సమగ్రత, 'అసంపూర్ణం'. కర్త అన్న గడిలో 'అజ్ఞాత కవి' అని కొట్టింది. స్వర్ణ సిద్ధాంత గ్రంథంలో అలాగే ఉంది కనక మరోలా కొడితే తెర ఎర్రబడుతుంది. చివరన లేఖకుడి వ్యాఖ్య అన్న గడి ఉంది. అక్కడ కర్సర్ కాసేపు మినుకు మినుకుమంది.

"అది మాత్రం రాయక్కా," అంది స్వర్ణ. "ఆయన రాసింది ఉన్నదున్నట్టు రాయి."

"రాస్తే ఎట్ల చదివినావంటారు పాపా. దస్తూరి తెలుసంటే, ఎట్ల తెలుసంటారు. నా పుట్టిన తేదీ తీసి చూస్తారు. నిన్నూ పిలుస్తారు. నీ ఉత్తర్వు ఈ నెల్లోనే గదా రావాల్సింది?"

ఉత్తర్వు ఈ నెల్లోనే రావాలి. కారిడార్లో గంట కొట్టారు. తరువాతి తరగతి పిల్లలు గదిలోకి పోతున్న చప్పుడు వినిపించింది. స్వర్ణ చెంగమ్మ భుజం మీద చెయ్యి వేసి, ఒక్క క్షణం ఉంచి, తీసేసి, పాఠానికి వెళ్లిపోయింది.

చెంగమ్మ వ్యాఖ్య గడిలో, 'చివరి రెండు పంక్తులు చదువరానివి' అని నెమ్మదిగా కొట్టింది. తప్పులున్నాయేమోనని మరోసారి చూసుకుంది. లేవు. భద్రపరచు అన్నది నొక్కి, కట్టను మెత్తటి గుడ్డలో చుట్టి, తర్వాతి కట్ట తాడు విప్పింది.